రెండో వైపు చివరి పాట

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు చెప్తాను. ఎవరు విన్నారు, ఎవరు విననట్టు ఉన్నారు అన్నదే తర్వాత పెద్ద మాట అయింది.

హాల్లో ఊయల బల్ల మీద మా అవ్వ ధనమ్మాళ్, నాయనకు అమ్మ. ఆమెకు ఎదురుగా కుర్చీలో పెదనాయన పెరుమాళ్సామి, అవ్వకు పెద్ద కొడుకు, మా నూలు మిల్లు చూసుకునేది ఆయనే. కింద చాప మీద అరవిందన్ మామ, అమ్మకు తమ్ముడు. ఆయన పక్కన మదురై నుంచి వచ్చిన దినకరన్ అనే పెద్దాయన. వంటింట్లో అమ్మ, సుందరవల్లి. గోడకు ఆనుకొని నేను. నాయన ద్రాక్షతోట ఒకటి చూడటానికి తేనికి పోయి ఉన్నాడు. ఆయన ఉండి ఉంటే బాగుండేదని ఆ మధ్యాహ్నం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

అంతకుముందు సంగతి కొంచెం చెప్పాలి. పోదనూరు పాత రైల్వే కాలనీలో ఒక అద్దె గదిలో మామ ‘ఊరపిచ్చుక రికార్డ్స్’ నడుపుతాడు. పెద్ద కంపెనీలు తొంగి చూడని పాటల్ని వెతికి, నల్ల గ్రామఫోను ప్లేట్లుగా అచ్చువేయిస్తాడు. కొనేవాళ్లు కొద్దిమందే, కానీ వాళ్ల పిచ్చి పెద్దది. ప్లేటు రాకముందే డబ్బు కట్టేస్తారు, కవర్లు అతికించడానికి కూడా వాళ్లే వచ్చి కూర్చుంటారు. వాళ్ల కోసమే అవ్వ పాటల్ని మామ ఇచ్చిన చిన్న రికార్డర్‌లో నేను పట్టాను. అవ్వ ఎవరి ముందూ పాడే మనిషి కాదు. అమ్మ వచ్చినా ఆపేస్తుంది. నా ఒక్కదాని ముందే పాడేది.

అలా పట్టినవాటిలో పట్టకూడని పాట ఒకటి పడింది.

నేను పుట్టకముందే మా అత్త చనిపోయింది, పేరు శ్రీమతి. అవ్వకు ఒక్కతే కూతురు. అత్తగారి ఊళ్లో నొప్పులు మొదలై, కాన్పు కష్టమై, ఆస్పత్రికి చేరేలోపలే ప్రాణం పోయిందట. ప్రతి ఏడూ ఆ రోజున అవ్వ తోటలోని మోటారు కొట్టానికి పోతుంది. మోటారు వేసి, ఆ సద్దులో కూర్చొని, కూతురి కోసం ఏడుపు పాట పాడుకుంటుంది.

మావాళ్లలో ఆ పాటకు ఒక కట్టుబాటు ఉంది. సావు ఇంట్లో ఆడవాళ్లు ఏడుస్తూ పాడేటప్పుడు ఎవరినైనా ఏమైనా అనవచ్చు. మొగుణ్ణి అనవచ్చు, అత్తను అనవచ్చు, కన్న కొడుకును అనవచ్చు. మగవాళ్లు బయట పందిట్లో తప్పెట సద్దులో ఉంటారు గనుక వాళ్లకు మాటలు వినబడవు. విన్న ఆడవాళ్లు ఆ మాటను తర్వాత ఎత్తకూడదు. అడగకూడదు, బదులు చెప్పకూడదు. ఇంకొకటి, సావు లేని ఇంట్లో ఆ పాట వినిపించకూడదు. అవ్వ మోటారు కొట్టం వెతుక్కున్నది అందుకే.

ఈ ఏడు అవ్వకు అన్నం తీసుకొని నేను అక్కడికి పోయాను. సంచిలో రికార్డర్ ఉందని, అది తిరుగుతూ ఉందని నాకు తెలియదు. పాట అయ్యాక సంచిలో వెలుగుతున్న దాని ఎర్ర దీపం చూసింది అవ్వే. “ఇది ఈ కొట్టం దాటకూడదు కణ్ణు” అంది. దాటదని మాట ఇచ్చాను. రికార్డర్ ఆ సాయంత్రమే మామ తీసుకుపోయాడు. మర్నాడు నేను పోయి చెప్తే నా కళ్ల ముందే బొత్తాం నొక్కి తుడిచేశాడు. అదే అవ్వకు చెప్పాను. అవ్వ నమ్మింది.

ఇక ఆ ఆదివారం.

మామ అట్టపెట్టె విప్పి మొదటి ప్లేటు తీసి అవ్వ ఒళ్లో పెట్టాడు. కవరు మీద అవ్వ ఫోటో. నేను తీసిందే. కందులు చెరుగుతూ పక్కకు చూస్తూ ఉంటుంది.

“ఏమిరా ఇది, ముక్కుపుడక కూడా లేకుండా?” అంది అవ్వ. “ముందే చెప్పుంటే పెట్టుకోనుంటానే.”

“అట్ల ఉంటేనే బాగుండాది అత్తా. జర్మనీలో ఒకాయన ఈ ఫోటో చూసే ఆర్డరు వేసె.”

“జర్మనీ వాడికి నా ముక్కుతో ఏమి పని?”

పెదనాయన కడుపు పట్టుకొని నవ్వాడు. “మా అమ్మ ముక్కు ఎక్స్‌పోర్టు అయిపోయె! నేను నూలు పంపించేదానికి ఎంతమంది కాళ్లు పట్టుకుంటా ఉండా. ఈమె ఊయల దిగకుండానే పంపించేసె.”

పెదనాయన అలా నవ్వడం ఎప్పుడో గాని జరగదు. అవ్వ ఆ కవరును చీర కొంగుతో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

దినకరన్ గారు అవ్వ కాళ్లకు దండం పెట్టి, కూర్చొని, కాఫీ కూడా ముట్టకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ల ఇంట్లోనూ మన తెలుగేనట. పోస్టాఫీసు ఉద్యోగం వదిలాక పాత ప్లేట్లు వెతకడమే పనిగా తిరుగుతున్నాడట.

“తేనిలో ఒక కాఫీ హోటలు మూసేస్తా ఉండారని వింటిని సార్. మొదటి బస్సే పట్టుకొని పోతిని. పోయి చూస్తే వాళ్లు ప్లేట్ల మీద వేడి గిన్నెలు దించి పెట్టి ఉండారు! నాకు ఏడుపు వొచ్చేసె. ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద ప్లేట్లు, బీరువా మీద ప్లేట్లు. నేను యాడ పండుకునేది అనె మా ఇంటామె.”

“యాడ పండుకుంటాది?” అన్నాడు పెదనాయన.

“కూతురింటికి పోయె.”

అవ్వ కూడా నవ్వింది. దినకరన్ గారు మామ భుజం తట్టాడు. “మన పాట ఎవురికి కావాల సార్? ఆంధ్రా వాడు ఇది తెలుగే కాదంటాడు, ఇక్కడివాడు ఇది తమిళం కాదంటాడు. ఇట్ల పిచ్చి పట్టినోడు ఒకడు ఉంటేనే మన పాట నిలిచేది. వీడు నిలవాలంటే మేము కొనాల. అంతే.”

ఆ మాట నాకు చాలా నచ్చింది. మామ వైపు గర్వంగా చూశాను. మామ ప్లేటు అంచు చూసుకుంటున్నాడు.

పెట్టెలాంటి ప్లేయరు తెరిచి మొదటి వైపు పెట్టాడు. నాట్ల పాట, తిరగలి పాట, పెద్దమనిషైన పిల్లను కూర్చోబెట్టి పాడే పాట. అవ్వ గొంతు గోడల నుంచి వస్తున్నట్టు ఉంది. ఒకచోట దగ్గు వినబడింది.

“అది కూడా పెడ్తిరా!” అంది అవ్వ.

“దగ్గు కోసమే కొన్నవాళ్లు ఉండారు అత్తా.”

“అయితే మందు మాత్రలు కూడా పంపించమను వాళ్లను.”

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. రమ్మని అవ్వ చేత్తో పిలిచింది. అమ్మ రాలేదు. పొయ్యి మీద పాలు ఉన్నాయంది.

రెండో వైపు తిప్పాడు. పాటలు ఒక్కొక్కటే అయ్యాయి. కళ్ళం పాట అయిన వెంటనే మామ ముల్లు పైకెత్తాడు.

“అంతే” అన్నాడు.

“ఏమి తంబి, ఎత్తేస్తివి?” దినకరన్ గారు ముందుకు వంగాడు. “కడపటిది ఉండాదే.”

“ఆ చోట కొంచెం గీత పడిందిలే అన్నా. సద్దు వొస్తాది.”

“గీతా? నా ప్లేటు నేను తెచ్చినానే. ముందే కట్టినవాళ్లకు పోయిన వారమే పంపిస్తివి గదా. ఆ కడపటి పాట కోసమే నేను ఇంత దూరం వొస్తిని. మోటారు పాట!”

మామను చూశాను. మామ నన్ను చూడలేదు.

“ఏమి మోటారు పాట?” అన్నాడు పెదనాయన. “మా అమ్మ మోటారు మీద కూడా పాట కట్టెనా? పెట్టు మాప్ళె, విందాము” అంటూ మామ వైపు తిరిగాడు.

అవ్వ ఊయల ఆగింది. ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఇంకా లేదు. అడగడమే ఉంది. కాదని తల ఊపాను. ఏది కాదని ఊపానో నాకే తెలియదు.

“వొద్దు పెదనాయనా” అన్నాను. బడిలో పేరు పిలిస్తేనే నా గొంతు బయటికి రాదు. అప్పుడూ రాలేదు. అప్పటికే దినకరన్ గారు తన సంచిలోంచి తన ప్లేటు తీసి, రెండు అరచేతుల మధ్య పసిబిడ్డలా పట్టుకొని, ప్లేయరు మీద పెట్టి, సరిగ్గా చివరి పాట దగ్గర ముల్లు దించాడు.

మోటారు సద్దు ఇల్లంతా నిండింది.

“ఇది మన తోట మోటారే!” పెదనాయన కుర్చీ చెయ్యి చరిచాడు. “ఆ కీచు విను, బేరింగు పోయింది అది. నేను చెప్తానే ఉండా తోట చూసే లక్ష్మణకు, మార్చురా అని.”

ఆ సద్దు అడుగున ఒక గొంతు నీళ్లలో మునిగి పాడుతున్నట్టు వినిపిస్తోంది. మాట తెలియడం లేదు. రాగం మాత్రం లేస్తుంది, పడుతుంది. అలాగే తెలియకుండా అయిపోతే బాగుండునని వేళ్లు ముడిచి కూర్చున్నాను. కానీ ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పాట మధ్యలో కరెంటు పోయిందని నాకు తెలుసు. కరెంటు పోయినా అవ్వ ఆపలేదని కూడా తెలుసు.

మోటారు మూలిగి, మెల్లగా తిరిగి, నిలిచిపోయింది. అవ్వ గొంతు ఒక్కటే మిగిలింది.

*ఫోను చేసి పిలిచితివే నా బంగారు తల్లీ,*
*పెద్దన్న వొస్తాడని దారి చూస్తివే.*
*కారు కొట్టంలోనే నిలిచె నా తల్లీ,*
*నీ కన్ను దారిలోనే నిలిచెనే.*
*నా కడుపున పుట్టిన పెరుమాళు*
*నా కడుపులో చిచ్చు పెట్టెనే.*

తర్వాత మాటలు లేవు, ఏడుపే. ఎక్కడో ఒక నెమలి అరిచింది. ముల్లు ప్లేటు చివరికి పోయి టిక్కు టిక్కుమంటూ ఉంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

దినకరన్ గారు కళ్లు తుడుచుకున్నాడు. “చూస్తిరా సార్? ఇట్లాంటిది ఇంక యాడ దొరుకుతాది?” అంటూ తిరిగి పెదనాయన ముఖం చూసి ఆగిపోయాడు. మామ మొదట్లో పెదనాయనను ఆయనకు పేరు చెప్పే పరిచయం చేశాడు. ఇప్పుడది ఆయనకు తగిలింది. “ఇది… పాటల్లో ఊరికే వొచ్చే పేర్లనుకుంటిని” అన్నాడు, ఎవరితోనో చెప్తున్నట్టు.

పెదనాయన లేచి నిలబడ్డాడు.

“అమ్మా.”

అవ్వ తల ఎత్తలేదు.

“ఇన్నేండ్లు నాకు అన్నం పెడ్తివే. ఇది మనసులో పెట్టుకొనే వడ్డిస్తివా?”

పెదనాయన ఊయల దగ్గరికి వచ్చాడు.

“నాకు ఫోనే రాలేదమ్మా. ఎవురూ నాకు చెప్పలే. ఆ పొద్దు నేను మిల్లులో ఉంటిని. కారు కొట్టంలోనే ఉండె, ఆమా, నిజమే. కానీ ఒక్క మాట చెప్పుంటే నేను పరిగెత్తైనా పోనుంటానే! నా చెల్లెలమ్మా అది!”

అంత పెద్ద మనిషి గొంతు అలా విరగడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన ఇంకేదో అడగబోయాడు. అవ్వ ముఖం చూసి మానుకున్నాడు. చెప్పులు వేసుకోకుండానే బయటికి పోయాడు. కిటికీలోంచి చూస్తే ఆయన పోయి కారులో కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. బండి తీయలేదు, ఊరికే కూర్చున్నాడు.

అప్పుడు అవ్వ నోరు విప్పింది.

“సావు లేని ఇంట్లో ఏడుపు పెడ్తిరి” అంది. “ఎవురి కోసం పెడ్తిరి?”

మామ “అత్తా” అంటూ దగ్గరికి పోయాడు. అవ్వ ఆయన్ను చూడనే లేదు. నన్నే చూస్తోంది.

“తుడిచినానంటివే కణ్ణు.”

“తుడిచినా అవ్వా. మామ తుడిచె. నేను చూస్తిని.”

“చూస్తివా?” ఒళ్లో ఉన్న ప్లేటును పక్కన పెట్టింది, ఎంగిలి గిన్నె పెట్టినట్టు. “నా కొడుకు వాడి చెవులతోనే వినేటట్టు చేస్తివి. నేను వాడిని ఒక్క పొద్దు కూడా అడిగింది లేదు. నీ ముందరే నోరు తెరిస్తిని. ఇంక తెరవను.”

లేచి, ఊయల గొలుసు పట్టుకొని నిలదొక్కుకొని, తన గదిలోకి పోయింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే అవ్వకు వినబడుతుందని, ఈ ఇంట్లో ఇంకొక ఏడుపు వినబడకూడదని నోరు అదిమిపట్టుకున్నాను. అవ్వ నాతో మాట్లాడకపోవడం కాదు నన్ను భయపెట్టింది. అవ్వ నమ్మిన మనిషి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ ఒక్కటీ పోతే ఆమెకు ఎవరూ లేరు.

మామ వరండాలో స్తంభాన్ని ఆనుకొని ఉన్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

“తుడిచినానంటివి.”

“తుడిచినా మధు. రికార్డర్‌లో తుడిచినా.” ఆయన గోరు కొరుక్కున్నాడు. “అప్పటికే కంప్యూటర్‌లో ఎక్కించి ఉంటిని.”

“నా ముందర బొత్తాం నొక్కినది?”

“నీ కోసం నొక్కినా.”

మామ గబగబా మాట్లాడాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

“అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇట్లాంటి పాట కోసమే నేను ఉద్యోగం వదిలి తిరుగుతా ఉండా. ఆ మోటారు నిలిచిపోయే చోటు ఎవుడు ఎంత చేసినా రాదు మధు. ముందే కట్టేవాళ్లకు కొంచెం ముక్క పంపిస్తిని. ఒక్కొక్కడు ఊగిపోయె. ఆ పాట లేకపోతే ఈ ప్లేటే లేదు. ఊరపిచ్చుకే లేదు. గది ఖాళీ చేయాల్సిందే.”

“అవ్వను అడిగితివా?”

“లేదు. తప్పే అది. కానీ ఎవురినీ అడగకుండా పెట్టలేదు.”

“ఎవురిని అడిగితివి?”

“అక్కను.”

“అమ్మనా?”

“నేనే వొద్దంటిని. అత్తకు తెలిస్తే ఇల్లు నిలవదు అక్కా అంటిని. పెట్టు, పెరుమాళ్ బావ వినాల అనె. నీకు చెప్పొద్దని కూడా తనే చెప్పె. నీకు తెలిస్తే అత్త దగ్గర దాచిపెట్టలేవు అనె.” తల వంచుకున్నాడు. “అబద్ధం చెప్పను మధు. తను పెట్టమన్నప్పుడు నాకు సంతోషమే ఆయె.”

దినకరన్ గారు సంచి భుజానికి తగిలించుకొని మా దగ్గరికి వచ్చాడు. తన ప్లేటు నా ముందుకు చాచాడు. “ఇది తీసుకో పాపా. ఇట్ల అని తెలిసుంటే కొనేవాణ్ణే కాదు. పగలగొట్టెయ్యి.”

నేను ఒక అంచు పట్టుకున్నాను. రెండో అంచు ఆయన వేళ్లు వదల్లేదు. ఇద్దరం అలా పట్టుకొని కాసేపు నిలబడ్డాం. ఆయన ముఖం పాలిపోయింది.

“ఇంకా ఎంతమంది దగ్గరనో ఉండాది గదా” అన్నాడు చివరికి. “ఇది ఒక్కటి పగిలితే ఏమి వొస్తాది?” ప్లేటును మెల్లగా లాక్కొని సంచిలో పెట్టుకొని, నన్ను చూడకుండా మెట్లు దిగాడు.

నేను వంటింట్లోకి పోయాను. అమ్మ కాఫీ గ్లాసులు కడుగుతోంది. అప్పటికే కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది.

“అమ్మా, పాట పెట్టమన్నది నువ్వా?”

“మెల్లగా మాట్లాడు.”

“నువ్వా?”

“ఆమా, నేనే.”

“నేను అవ్వకు మాట ఇస్తిని. నీకు తెలుసు. అవ్వ ముందర నేను దొంగనైతిని.”

అమ్మ గ్లాసు బోర్లించింది. “ఆ పొద్దు మోటారు కొట్టానికి అన్నం ఇచ్చి పంపించింది ఎవురు?”

“నువ్వే.”

“సంచిలో రికార్డర్ పెట్టింది ఎవురు?”

ఇన్నాళ్లూ అది నేనే మరిచిపోయి అందులో వదిలేశాననుకున్నాను. ఆన్‌లో ఎలా ఉండిపోయిందో అర్థంకాక నన్ను నేనే తిట్టుకున్నాను. డైరీలో కూడా అలాగే రాసుకున్నాను, నా మతిమరుపు అవ్వను ఇలా చేసిందని.

“నేనే పెడ్తిని” అంది అమ్మ. “ఆన్ చేసే పెడ్తిని.”

“నువ్వే పోయి పట్టుకోనుండొచ్చే. నన్ను ఎందుకు పంపిస్తివి?”

“నేను పోతే ఆపేస్తాది. నువ్వు పోతే ఆపదు.” కొంగుతో చేతులు తుడుచుకుంది. “నీ ఒక్కదాని ముందరే అత్త ఆపకుండా పాడేది.”

అమ్మ చాలా మామూలుగా చెప్పింది, పాలు విరిగిపోయాయని చెప్పినట్టు. మామ చేసినదానికి నాకు కోపం వచ్చింది. ఇది విన్నాక కోపం కూడా రాలేదు. అవ్వకు నా మీద ఉన్న ఇష్టాన్ని అమ్మ చూసింది. చూసి, అది దేనికి పనికొస్తుందో ఆలోచించింది. ఆ కొట్టంలో అవ్వ నా చెయ్యి పట్టుకొని కూర్చున్నప్పుడు మా ఇద్దరి మధ్య నేల మీద ఉన్న ఆ సంచి, అమ్మ కుట్టిందే.

“ఎందుకమ్మా?”

అమ్మ గ్లాసులు ఒక పక్కకు జరిపింది.

“శ్రీమతి సావింట్లో అత్తను పట్టుకొని కూచునుండింది నేనే. కొత్త కోడలిని. పెద్దన్న కారు తీయలేదే అని ఆమె ఏడుస్తా ఉంటే ఆమె తల నా ఒళ్లోనే ఉండె. ఏడుపులో చెప్పిన మాటకు బదులు చెప్పకూడదు గదా. ఆ పొద్దు అది నాకు మంచిదాయె. బావను ఎవురూ అడగలే. నన్నూ ఎవురూ అడగలే. అట్లనే ఏండ్లు పోయె. బావ ఈ ఇంట్లో తిరుగుతా ఉంటే అత్త ఆయన ముఖం చూడకుండా అన్నం పెడ్తాది. నేను పక్కన నిలబడి కూర పెడ్తా ఉంటా. నోటితో చెప్పేదానికి నాకు ధైర్యం చాలలేదు. బావ చెవిన పడితే ఆయనే అడుగుతాడనుకుంటిని. ఫోను ఎవురు ఎత్తినారని.”

“ఫోను ఎవురు ఎత్తిరి అమ్మా?”

అమ్మ కొళాయి కట్టేసింది.

నాకు అప్పుడు ఒకే ఒక్కటి కావాలి. అత్త సంగతి, పెదనాయన సంగతి పెద్దవాళ్లవి. అవ్వకు నేను మోసం చేయలేదని అవ్వకు తెలియాలి. అంతే.

“నేను అవ్వ దగ్గరికి పోతా. రికార్డర్ నేను పెట్టలేదని చెప్తా.”

“చెప్పు” అంది అమ్మ. నేను రెండడుగులు వేశానో లేదో వెనకనుంచి వచ్చి నా భుజం పట్టి ఆపింది. “ఉండు. నేను ముందు పోతా.”

అమ్మ చెయ్యి ఇంకా తడిగా ఉంది. నన్ను పక్కకు జరిపి ముందు నడిచింది. హాల్లో ప్లేయరు అలాగే తెరిచి ఉంది. అవ్వ గది తలుపు ఓరగా వేసి ఉంది. అమ్మ తోసుకొని లోపలికి పోయింది. నేను గడప దగ్గర ఆగాను.

అవ్వ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చొని ఉంది.

“అత్తా.”

అవ్వ తిరగలేదు.

“ఆ పొద్దు శ్రీమతి ఫోను చేస్తే ఎత్తింది నేను. బావ కారు తీసుకొని వొస్తాడని దానికి చెప్పింది నేను. బావకు చెప్పేదానికి భయపడితిని, చెప్పింది లేదు.”

అవ్వ వీపు కదల్లేదు. తర్వాత మెల్లగా, ఎవరో పిలిస్తే తిరిగినట్టు, మొత్తం ఒళ్లంతా తిప్పి అమ్మను చూసింది. ఆ ముఖం నాకు తెలిసిన ముఖం కాదు. అమ్మ నిలబడే ఉంది. ఇప్పుడు రికార్డర్ సంగతి చెప్తుందని చూశాను. మధు కాదత్తా, నేనే పెట్టినా అంటుందని చూశాను. అమ్మ ఆ మాట అనలేదు.

“అవ్వా” అన్నాను. ఈసారి నా గొంతు బయటికి వచ్చింది. “నేను పెట్టలేదవ్వా. నాకు తెలీదు. నిజంగా తెలీదు.”

అవ్వ మంచం పట్టె పట్టుకొని లేచింది. గోడ ఆసరాతో ఒక్కొక్క అడుగూ వేస్తూ నా వైపే వచ్చింది. నమ్మిందనుకున్నాను. ఎప్పుడూ లేచి నడిచేటప్పుడు నా చెయ్యి పట్టుకోవడం ఆమెకు అలవాటు. చెయ్యి చాచాను.

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. తలుపు అంచు పట్టుకుంది.

“నువ్వు విన్నది చాలు” అంది. “ఇంక పో.”

అమ్మ లోపలే ఉంది. అవ్వ నా ముఖం మీద తలుపు వేసి, లోపల గడియ పెట్టింది.